హిమాలయ నీలపుష్పం: ఒక నామకరణ చరిత్ర

దక్షిణదేశంలో రోడ్ల పక్కన, పాడుబడిన గోడల వెంట, ఎండిన చెరువు గట్ల మీద బ్రహ్మదండి మొక్కను చూడనివారు అరుదు. ఒళ్ళంతా ముళ్ళున్న బూడిదవన్నె ఆకులు, కాడ తుంచితే కారే పచ్చని పాలు, ముట్టుకుంటే రాలే పలుచని పసుపు పూరేకులు దాని గుర్తులు. అమెరికా ఖండం నుండి వలస వచ్చి ఈ నేలకు సొంతమైపోయిన మొక్క అది. దాని గింజలు ఆవాలలో కలిసిపోగా ఆ నూనె తిన్న కుటుంబాలు నీరుపట్టు వ్యాధికి గురైన ఉదంతాలు వైద్యగ్రంథాలలో కనబడతాయి. ఈ కలుపుమొక్కకూ, వంటింట్లోని గసగసాలకూ, హిమాలయాలలో 4,000 మీటర్ల ఎత్తున మంచు కరిగిన తడినేలలో ఆకాశపు రంగున పూసే ఒక పువ్వుకూ వృక్షశాస్త్రం దృష్టిలో కుటుంబం ఒక్కటే. ఆ నీలిపువ్వుకు పేరు పెట్టటానికీ, పెట్టిన పేరు తీసివేయటానికీ, తీసివేసిన పేరు మళ్ళీ నిలబెట్టటానికీ దాదాపు నూరేళ్ళు పట్టింది. దాని దగ్గరి బంధువు ఒకటి ఒక దేశానికి జాతీయపుష్పమై కూడా 2016 వరకు తనదైన జాతినామం లేకుండానే ఉండిపోయింది.

ఈ నీలిపూల ప్రజాతిని మెకొనాప్సిస్ అంటారు. గ్రీకుభాషలో మెకోన్ అంటే గసగసాల మొక్క. ఆప్సిస్ అంటే రూపం. గసగసాల మొక్కను పోలినది అని తాత్పర్యం. 1814లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు విగియే ఈ పేరు కల్పించినప్పుడు ఆయన దృష్టిలో హిమాలయాలు లేనే లేవు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, పశ్చిమ ఐరోపా కొండలలో పెరిగే ఒక పసుపుపువ్వు ఆయన ముందున్నది. మామూలు గసగసాల కాయ మీద కీలం ఉండదు. కీలాగ్రం ఒక పళ్ళెంలాగా కాయనెత్తిన కూర్చుని ఉంటుంది. ఆ పసుపుపువ్వు కాయకు మాత్రం చిన్న కీలం ఉన్నది. ఆ ఒక్క భేదం ఆధారంగా విగియే దానిని వేరు ప్రజాతిగా విడదీశాడు. తరువాత హిమాలయాలలో దొరికిన పదులకొద్దీ జాతులకు కూడా అట్టి కీలమే ఉండటంతో అన్నీ ఆ పేరు కిందికే చేరాయి. వింత ఏమంటే, 2011లో జన్యుపరిశీలన జరిపినప్పుడు ఆ వేల్స్ పువ్వు అసలు మెకొనాప్సిస్ కానే కాదనీ, అది మామూలు గసగసాల ప్రజాతికి చెందినదనీ తేలింది. పేరుకు మూలమైన మొక్కే ఇల్లు విడిచి పోయింది. నియమం ప్రకారమైతే ఆ పేరు కూడా దానితోనే పోవాలి. హిమాలయపు నీలిపూలన్నిటికీ కొత్తపేరు వెదకవలసివచ్చేది. ఆ చిక్కు రాకుండా నేపాల్ కొండలలోని మరొక జాతిని కొత్త ఆధారంగా నిర్ణయించి, వృక్షశాస్త్రజ్ఞులు ఆ పాతపేరును కాపాడుకున్నారు.

ఒక మొక్కను కొత్తజాతి అని ప్రకటించటం అంటే ఏమిటో ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవలసి ఉన్నది. కొండమీద ఇంతకుముందు చూడని పువ్వు కనబడగానే కొత్తజాతి దొరికిందనుకోవటం సామాన్యుల ఊహ. నిజానికి కొండమీద జరిగేది పనిలో చిన్నభాగం. మొక్కను వేరుతో సహా తీసి, కాగితాల మధ్య అదిమి, ఆరబెట్టాలి. వానకాలంలో పూసే పువ్వులు కాబట్టి గుడారంలో నిప్పు రాజేసి అయినా ఆ కాగితాల తడి పోగొట్టాలి, లేకుంటే రెండురోజులలో బూజు పడుతుంది. ఎండినకొద్దీ రంగు మారుతుంది, నీలిపువ్వు వెలవెలబోతుంది. అందుకని రంగు, వాసన, ఎత్తు, నేల తీరు, పక్కనున్న మొక్కలు, తేది అన్నీ అక్కడికక్కడ రాసుకోవాలి. రాయని సంగతి ఎండిన మొక్కలో ఇక కనబడదు.

అసలుపని సంగ్రహాలయంలో, బల్ల ముందు జరుగుతుంది. ఆ ప్రజాతిలో అంతవరకు పేరు పొందిన ప్రతిజాతి తాలూకు నమూనాలనూ తెప్పించుకొని, ఒక్కొక్క అంగాన్నీ పోల్చాలి. ఆకు అంచు, నూగు తీరు, పూరేకుల సంఖ్య, కేసరాల రంగు, అండాశయం మీది ముళ్ళు, కీలం పొడవు, వేరు స్వభావం కొలిచి పట్టిక వేయాలి. కనబడిన భేదం నిలకడైనదా, లేక నేలనుబట్టి, ఎత్తునుబట్టి మారేదా అని తేల్చుకోవాలి. చివరికి ఒక ఎండిన నమూనాను ఆ జాతికి ప్రమాణంగా నిర్ణయించి, వర్ణన రాసి, అచ్చులో ప్రకటించాలి. ఆ నమూనాను టైపు అంటారు. పేరు శాశ్వతంగా దానికి అంటిపెట్టుకొని ఉంటుంది. ఎన్నేళ్ళ తరువాత తగవు వచ్చినా అందరూ ఆ కాగితం దగ్గరికే పోవాలి. 1935 నుండి 2011 చివరివరకు ఈ వర్ణనలో లాటిన్ తప్పనిసరి. 2012 నుండి లాటిన్ గాని, ఆంగ్లం గాని ఉంటే చాలునని నియమం సడలించారు.

ఇక కథలోకి రావచ్చు. చైనాలోని యున్నాన్ రాష్ట్రంలో డెలావే అనే ఫ్రెంచి మతప్రచారకుడు ఉండేవాడు. కొండదారులలో నడిచి మొక్కలు సేకరించటం ఆయనకు జీవితవ్రతమైంది. ప్యారిస్ మ్యూజియంకు ఆయన పంపిన నమూనాలు రెండు లక్షలకు పైబడి ఉంటాయని చెబుతారు. 1886లో ఆయన సేకరించిన ఒక నీలిపువ్వును ప్యారిస్‌లోని ఫ్రాన్షే పరిశీలించి, 1889లో మెకొనాప్సిస్ బెటోనిసిఫోలియా అని పేరు పెట్టాడు. ఐరోపాలో బెటోనీ అనే మూలిక ఒకటున్నది. దాని ఆకువంటి ఆకు గలది అని అర్థం. ఆ పువ్వు గొప్పతనం అప్పుడు ఎవరికీ పట్టలేదు. ఎండిన కాగితం మీద నీలిరంగు నిలవదు గదా.

1913 వేసవిలో బెయిలీ, మోర్స్‌హెడ్ అనే ఇద్దరు బ్రిటిష్ సైనికాధికారులు అస్సాం సరిహద్దుకొండల నుండి అనుమతి లేకుండానే టిబెట్‌లో ప్రవేశించారు. టిబెట్‌లో ప్రవహించే త్సాంగ్‌పో, అస్సాంలో దిగే బ్రహ్మపుత్ర ఒకే నదియేనా అన్నది ఆనాటి పెద్దప్రశ్న. ఆ లోయలను కాలినడకన పరిశీలించటం వారి ఉద్దేశం. నదీప్రశ్నకు వారు తెచ్చిన సమాధానం భూగోళశాస్త్రంలో నిలిచింది. అయితే ఆ జూలైలో లునాంగ్ అనేచోట బెయిలీకి పొడవైన కాడల మీద నీలిపువ్వులు కనబడ్డాయి. ఆయన వృక్షశాస్త్రజ్ఞుడు కాడు. పక్షులు, జంతువులు, సీతాకోకచిలుకల మీద ఆసక్తి ఎక్కువ. ఆ కొండల ఎర్ర గోరల్ అనే కొండమేకకు శాస్త్రనామంలో ఆయన పేరే ఉన్నది. ఒక పువ్వు కోసి జేబుపుస్తకంలో అదిమి పెట్టుకొని ముందుకు సాగాడు. తవాంగ్ మీదుగా, భూటాన్ దాటి, నవంబరులో ఇద్దరూ భారతదేశం చేరుకున్నారు. జేబుపుస్తకంలోని పువ్వు లండన్ దగ్గరి క్యూ ఉద్యానం చేరింది.

'కనుగొనటం' అనే మాట ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వాడవలసినది. లునాంగ్ పశువుల కాపరులకు ఆ పువ్వు ఏటేటా తెలిసినదే. బెయిలీ చేసింది దానిని ఎండబెట్టి, తేదీతో, స్థలంతో శాస్త్రజ్ఞుల బల్ల మీదికి చేర్చటం. అంతమాత్రాన ఆయన పని చిన్నది కాదు. అయితే ఆయన మూటలు మోసినవారి, దారిచూపినవారి పేర్లు ఏ మొక్కకూ రాలేదు.

క్యూలో ఆ నమూనాను పరిశీలించినది సర్ డేవిడ్ ప్రెయిన్. ఈయన భారతదేశంలో పేరు గడించిన వ్యక్తి. కలకత్తాలోని రాయల్ బొటానిక్ గార్డెన్‌కు అధిపతిగాను, భారత వృక్షసర్వేక్షణ సంస్థకు నిర్దేశకుడిగాను పనిచేసి, 1905లో క్యూకు అధిపతి అయినాడు. గసగసాల కుటుంబం ఆయనకు అభిమానవిషయం. 1895లోనే ఆయన బ్రహ్మదండి ప్రజాతి మీద విపులమైన వ్యాసం రాశాడు. అదే సంవత్సరం సిక్కిం ప్రాంతపు నీలిపువ్వు ఒకదానికి మెకొనాప్సిస్ గ్రాండిస్ అని పేరు పెట్టాడు. బెయిలీ తెచ్చిన పువ్వు అంతవరకు పేరున్న ఏ జాతికీ చెందదని నిశ్చయించి, దానికి మెకొనాప్సిస్ బెయిలీయి అని నామకరణం చేశాడు.

ప్రెయిన్ కూర్చున్న ఆ కలకత్తా పీఠానికి తెలుగునేలతో పాతసంబంధం ఉన్నది. 1793లో ఆ తోట బాధ్యత స్వీకరించిన విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు పన్నెండేళ్ళు గోదావరి మండలంలోని సామర్లకోటలో ఉన్నాడు. మొక్కల తోట పెంచి, స్థానిక చిత్రకారులను పిలిపించి, వందలకొద్దీ మొక్కలకు రంగుచిత్రాలు వేయించాడు. 1787లో కోరంగి తీరాన్ని ముంచెత్తిన ఉప్పెనలో ఆయన పుస్తకాలు, సేకరణలు కొట్టుకుపోగా మళ్ళీ మొదటినుండి ఆరంభించాడు. యానాం ప్రాంతంవారికి ఆ ఉప్పెనమాట పెద్దల నోట విన్నదే అయి ఉండవచ్చు. 1795 నుండి వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథానికి ఆ సామర్లకోట చిత్రాలే ఆధారం. రాక్స్‌బర్గ్ తన రచనలలో మొక్కల తెలుగుపేర్లను కూడా శ్రద్ధగా నమోదు చేశాడు. శాస్త్రనామం ఒకటి ఉన్నంతమాత్రాన ఊరివాళ్ళు పిలిచే పేరు అక్కరలేదనుకోలేదు.

బెయిలీ పువ్వు విషయంలో చిక్కు ఏమంటే, జేబులో పట్టినంత నమూనాతో మొక్క సంగతి సంపూర్ణంగా తెలియదు. వేరు ఎట్లా ఉంటుంది, కాయ ఎట్లా ఉంటుంది, ఏటేటా పూస్తుందా, ఒక్కసారి పూసి చనిపోతుందా? ఈ ప్రజాతిలో చాలా జాతులు కొన్నేళ్ళు ఆకుల గుత్తిగా పెరిగి, ఒకే ఒక్క వేసవిలో పూసి, గింజ రాల్చి ఎండిపోతాయి. ఆ ప్రశ్నలకు జవాబు తెచ్చినవాడు ఫ్రాంక్ కింగ్డన్ వార్డ్. కేంబ్రిడ్జి వృక్షశాస్త్రాచార్యుని కుమారుడైన ఈయన జీవితమంతా బర్మా, టిబెట్, అస్సాం కొండలలో విత్తనాల కోసం తిరిగాడు. 1924లో కాడర్ ప్రభువు అనే యువకుని తోడు తీసుకొని త్సాంగ్‌పో లోయకు పోయాడు. ప్రతి పొద దగ్గర ఆగే వృక్షశాస్త్రజ్ఞుని వెంట నడవటం ఎంత విసుగో కాడర్ తన దినచర్యలో రాసుకున్నాడట.

వేసవిలో పువ్వు చూసి, గుర్తుపెట్టుకొని, అవే చోట్లకు శరదృతువులో తిరిగివచ్చి కాయలు కోయటం ఆయన పద్ధతి. కాయ పగలకముందే చేరాలి. మంచు కప్పకముందే బయటపడాలి. ఆ సంవత్సరం చివర ఆయన సేకరించిన గింజలు బ్రిటన్‌లో మొలిచి పూశాయి. 1926లో లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ప్రదర్శనలో ఆ పువ్వును చూసిన జనం విస్మయం చెందారు. గసగసాల పువ్వు ఎర్రగానో, తెల్లగానో, పచ్చగానో ఉండగా చూసినవారికి ఆకాశనీలం కొత్త. 1889లో పేరు పొందిన యున్నాన్ పువ్వును ఎవరూ పట్టించుకోలేదు గాని, బెయిలీ పువ్వు పేరు రెండుమూడేళ్ళలో తోటమాలులందరి నోట మారుమోగింది. ఆ నీలానికి కారణం చాలాకాలం తరువాత, 2006లో జపాన్ పరిశోధకులు తేల్చారు. ఎర్రగులాబీలో ఉండే సయనిడిన్ అనే వర్ణద్రవ్యమే దీనిలోనూ ఉన్నది. పూరేకు కణాలలో ఇనుము, మెగ్నీషియం దానితో జతకూడటంవల్ల ఎరుపు కావలసినది నీలమవుతున్నది.

ఇంతటి కీర్తి వచ్చాక పేరు పోయింది. 1934లో జార్జి టేలర్ మెకొనాప్సిస్ ప్రజాతి మీద సమగ్రమైన గ్రంథం ప్రకటించాడు. యున్నాన్ నమూనాలు, టిబెట్ నమూనాలు పక్కపక్కన పెట్టి చూసి, రెండింటి మధ్య భేదాలు జాతిభేదం అనదగినంతటివి కావని ఆయన నిర్ణయించాడు. రెండూ ఒకే జాతి అయినప్పుడు ముందు అచ్చయిన పేరే చెల్లుతుంది. అది పూర్వత్వ నియమం. కాబట్టి ఫ్రాన్షే పెట్టిన బెటోనిసిఫోలియా నిలిచి, బెయిలీ పేరు పుస్తకాల అడుగున పర్యాయపదమై మిగిలింది. టేలర్ తేలికగా నిర్ణయాలు చేసే మనిషి కాడు. తరువాత క్యూకు అధిపతి కూడా అయినాడు. ఆయన ముందున్నవి అధికంగా ఎండిన కాగితాలు. భూమిలోపలి వేళ్ళ సంగతి కాగితం మీద చాలాసార్లు ఉండనే ఉండదు. అందుచేత ఆ తీర్పు డెబ్బై అయిదేళ్ళు నిలిచింది.

పేరు ఇట్లా కరిగిపోవటం తెలుగువారికి సంబంధించిన ఒక విషయంలో కూడా జరిగింది. రాబర్ట్ వైట్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1819లో మద్రాసుకు వచ్చి, 1853 వరకు తమిళదేశంలో, ముఖ్యంగా నీలగిరులు, కోయంబత్తూరు ప్రాంతాలలో వృక్షపరిశోధన చేశాడు. ఆయన గ్రంథాలకు చిత్రాలు వేసినవారు రంగయ్య, గోవిందు అనే ఇద్దరు చిత్రకారులు. ఒక్క ఐకోనెస్ గ్రంథంలోనే 2,101 చిత్రఫలకాలు ఉన్నాయి. పువ్వు కోసి, చీల్చి, భూతద్దం కింద కేసరాలు లెక్కపెట్టి గీసినవి అవి. కొత్తజాతి వర్ణనలో మాటలు చెప్పలేనిది చిత్రం చెప్పినచోట్లు వాటిలో ఎన్నో. 1853లో వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని చిత్రకారుని పేరే పెట్టాడు. ఆ కాలంలో ఒక భారతీయ చిత్రకారునికి అట్టి గౌరవం మిక్కిలి అరుదు. అయితే ఆ మొక్క అంతకుముందే పేరున్న ట్రోపిడియా ప్రజాతికి చెందినదని తరువాతివారు తేల్చటంతో గోవిందు పేరు కూడా పర్యాయపదాల జాబితాలో చేరింది. శాస్త్రం దృష్టిలో అది న్యాయమే. బెయిలీ పేరు మళ్ళీ లేచింది గాని, గోవిందు పేరు లేవలేదు.

బెయిలీ పేరు లేచినది 2009లో. క్రిస్టఫర్ గ్రే-విల్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కొండలలోనూ, తోటలలోనూ సజీవమైన మొక్కలను చూసి, యున్నాన్ మొక్క వేరు, టిబెట్ మొక్క వేరు అని మళ్ళీ నిరూపించాడు. యున్నాన్ మొక్క నేలలోపల సన్నని తీగలు పరిచి అక్కడక్కడ పిలకలు వేస్తుంది. టిబెట్ మొక్కకు ఆ తీగలు లేవు. ఒకేచోట గుబురుగా పెరుగుతుంది. కాయ మీది ముళ్ళ తీరులోనూ తేడా ఉన్నది. రెండింటి నివాసాలు కూడా వేరు. డెబ్బై అయిదేళ్ళపాటు తోటలలో పెరిగి, కళ్ళెదుట ఉన్న మొక్క ఒక పేరుతో పిలవబడుతూ మరొకటిగా ఉండిపోయింది. అచ్చమైన యున్నాన్ మొక్క తోటలలో దాదాపు లేనేలేదు.

నేపాల్‌లో ఇంతకంటే చిత్రమైన ఉదాహరణ ఉన్నది. మధ్యనేపాల్‌లో 3,300 నుండి 4,200 మీటర్ల ఎత్తున, మిగిలిన బంధువులన్నీ పూసి వాడిపోయాక శరత్కాలంలో పసుపుపువ్వులు పూసే పొడవైన మొక్క ఒకటున్నది. 1962లో ఆడం స్టెయిన్టన్ అనే అన్వేషకుడు దానిని సేకరించాడు. 1994లో టోక్యో విశ్వవిద్యాలయంవారు మళ్ళీ సేకరించారు. రెండుసార్లూ అది కొత్తదని ఎవరూ గుర్తించలేదు. 2011లో పాల్ ఈగన్ అనే పరిశోధకుడు దానిని మెకొనాప్సిస్ ఆటమ్నాలిస్ అని వర్ణించాడు. లాటిన్ వర్ణన తప్పనిసరిగా ఉన్న చివరి సంవత్సరం అదే. అంటే అర్ధశతాబ్దం పాటు ఆ జాతి శాస్త్రజ్ఞుల అల్మారాలో, కాగితాల దొంతర మధ్య, వేరొకరి పేరుతో పడి ఉన్నది.

ఇది ఒంటరి సంఘటన కాదు. 2010లో ప్రకటితమైన ఒక పరిశీలన ప్రకారం కొత్తజాతుల్లో మొదటి సేకరణ జరిగిన అయిదేళ్ళలోపల వర్ణన పొందేవి నూటికి 16 మాత్రమే. దాదాపు నాలుగోవంతు జాతుల విషయంలో 50 ఏళ్ళకు మించిన పాతనమూనాలు ఆధారమయ్యాయి. ఇంకా పేరు లేని పుష్పజాతులు ప్రపంచంలో 70,000 వరకు ఉండవచ్చుననీ, వాటిలో సగానికి పైగా ఇప్పటికే ఏదో ఒక సంగ్రహాలయంలో ఉన్నాయనీ ఆ పరిశోధకులు అంచనా వేశారు. ఎండిన ఆకుల దొంతరలు దుమ్ముకొట్టుకుపోయే పాతసరుకు అని ఖర్చు తగ్గించదలచినవారికి అనిపించవచ్చు. ఎత్తైన కొండల మొక్కల విషయంలో ఈ ఆలస్యానికి వేరే బరువు కూడా ఉన్నది. వాతావరణం వేడెక్కినకొద్దీ ఇవి పైకి జరుగుతాయి; శిఖరం దగ్గర జరగటానికి చోటు ఉండదు. పేరులేని జాతి ఎంత మిగిలిందో లెక్కించేవారుండరు. రక్షింపవలసిన జాబితాలో అది చేరదు. కనుమరుగైనా ఏమి పోయిందో చెప్పటానికి మాట ఉండదు.

ఇక భూటాన్ సంగతి. ఫ్రాంక్ లడ్లో, జార్జి షెరిఫ్ అనే ఇద్దరు మిత్రులు 1933లో భూటాన్ పర్యటన మొదలుపెట్టారు. లడ్లో వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1923 నుండి 1926 వరకు టిబెట్‌లోని గ్యాంచేలో టిబెటన్ బాలుర కోసం నెలకొల్పిన పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. ఆ బడి మూడేళ్ళకే మూతపడింది. షెరిఫ్ ఫిరంగిదళపు అధికారి. తూర్పుభూటాన్‌లోని సక్తెంగ్ ప్రాంతంలో వారికి అరచేయంత వెడల్పు పూరేకులున్న నీలిపువ్వు కనబడింది. సిక్కిం పువ్వుకు ప్రెయిన్ పెట్టిన గ్రాండిస్ పేరే దీనికీ చెల్లుతుందని అందరూ భావించారు. 1934లో షెరిఫ్ పంపిన గింజలనుండి 600 అనే సేకరణసంఖ్యతో స్కాట్లండ్ తోటలలో పేరుమోసిన నీలిపూలు పెరిగాయి. 1949 పర్యటనలో షెరిఫ్ భార్య బెట్టీకి కలలో ఆ పువ్వున్న దారి కనిపించిందనీ, మర్నాడు వెదకగా అక్కడే దొరికిందనీ ఒక ముచ్చట చెప్పుకుంటారు. ఆ మొక్కలకు 'బెట్టీ కలపువ్వు' అనే పేరు ఇప్పటికీ ఉన్నది.

నీలిపువ్వును భూటాన్ తన జాతీయపుష్పంగా స్వీకరించింది. పుస్తకాలు దానికి గ్రాండిస్ అని రాస్తూ వచ్చాయి. 2010లో గ్రే-విల్సన్ తూర్పుభూటాన్ మొక్కలను గ్రాండిస్‌లో ఒక ఉపజాతిగా విడదీశాడు. సగం దారి నడిచినట్లైంది. తోషియో యోషిదా అనే జపాన్ పరిశోధకుడు ఎన్నో ఏళ్ళుగా హిమాలయాలలో తిరిగి ఈ ప్రజాతి మొక్కలను ఫోటోలు తీసి, కొలతలు రాసుకున్నవాడు. ఆయన, భూటాన్ జాతీయ జీవవైవిధ్య కేంద్రానికి చెందిన రించెన్ యాంగ్జోమ్, ఎడిన్‌బరో ఉద్యానానికి చెందిన డేవిడ్ లాంగ్ ముగ్గురూ కలిసి తూర్పుభూటాన్ మొక్కలను సిక్కిం, తూర్పునేపాల్ మొక్కలతో పోల్చి చూశారు. ఇది గ్రాండిస్ కాదని, పూర్తిగా వేరైన జాతి అని 2016లో ఎడిన్‌బరో ఉద్యానం వారి సిబాల్డియా పత్రికలో ప్రకటించారు. సేకరణలకు ఒకప్పుడు మూటలు మోసే పనికే పిలవబడిన దేశంనుండి ఒకరు ఈసారి రచయితలలో ఉండటం గమనింపదగినది.

పెట్టినపేరు మెకొనాప్సిస్ గాక్యిదియానా. భూటాన్ రాజభాష జోంఖాలో గాక్యిద్ అంటే ఆనందం, సుఖం. దేశపు సంపదను ఉత్పత్తితో కాక ప్రజల ఆనందంతో కొలవాలనే ఆ దేశపు ఆదర్శాన్ని ఉద్దేశించి ఆ మాట ఎంచుకున్నారు. బెయిలీ పేరువలె ఇది వ్యక్తినామం కాదు. బెటోనిసిఫోలియా వలె వేరే దేశపు మూలికతో పోలికా కాదు. ఆ పువ్వు పూసే కొండల భాషలోని మాట ఒకటి లాటిన్ ప్రత్యయం తగిలించుకొని శాస్త్రంలోకి వచ్చింది. ఈ జాతి భూటాన్ తూర్పుభాగంలోనే కాక, సరిహద్దుకు ఇవతల అరుణాచల్ ప్రదేశ్ పశ్చిమభాగంలోనూ, దక్షిణ టిబెట్‌లోనూ ఉన్నది. 1913 శరత్తులో జేబుపుస్తకంలో ఎండిన పువ్వుతో బెయిలీ తవాంగ్ మీదుగా నడిచివచ్చిన దారి ఈ కొండలలోనిదే. అప్పటికి పూలకాలం దాటిపోయి, కాయలు పగిలి, గింజలు రాలిపోయి ఉంటాయి.